చెరువు కట్టల వెంట సైకిల్: హనుమకొండ నుంచి రామప్ప, కోటగుళ్లు, పాండవుల గుట్ట చుట్టి రావడం ఎలా

వరంగల్ చుట్టుపక్కల సైకిల్ మీద దూరం పోవాలనుకుంటే ముందు మ్యాప్ తెరిచి నీలం మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి, రోడ్ల సంగతి తర్వాత. ఆ మచ్చలు మన చెరువులు. కాకతీయుల కాలంలో ఊరు, గుడి, చెరువు మూడూ జతగా వెలిశాయి. అందుకే చెరువు నుంచి చెరువుకు గీత గీసుకుంటూ పోతే దారిలో చూడాల్సిన గుడి తగులుతుంది, నీళ్లు, చాయ్ దొరికే ఊరు తగులుతుంది, పైగా పెద్ద చెరువులన్నీ గుట్టల మధ్య సందును కట్టతో మూసి నిలిపినవే కాబట్టి మనకు కావాల్సిన ఎత్తుపల్లాలు కూడా అక్కడే దొరుకుతాయి. హైవే పట్టుకొని సీదాగా ఎంత దూరం తొక్కినా ఇవన్నీ ఒక్క దారిలో రావు.

ఇక్కడ చెప్పేది రెండు రోజుల రూటు. హనుమకొండలో బయలుదేరి ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట, అక్కడ రాత్రి ఆగి, పొద్దున గణపురం కోటగుళ్లు, రేగొండ దగ్గర పాండవుల గుట్ట, పరకాల చూసుకొని మళ్లీ హనుమకొండ. మొత్తం నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. బాగా అలవాటున్నవాళ్లు ఒక్క రోజులో తొక్కేస్తారు గానీ, అలా పోతే రామప్ప దగ్గర అరగంట కూడా నిలబడలేరు. ఆ గుడికి అరగంట ఇవ్వడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

ముందు కాళ్లు అలవాటు చేయండి

ములుగు దారిలో ఊటీ లాంటి ఘాట్ ఏమీ లేదు. ఉన్నదల్లా చిన్న చిన్న ఎక్కుళ్లు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కొక్కటీ చూస్తే పెద్ద లెక్క కాదు, అరవై కిలోమీటర్లు తొక్కాక అవే ఎక్కుళ్లు తొడలు పట్టేస్తాయి. అందుకని నెల ముందు నుంచే ఆదివారాలు ధర్మసాగర్ వైపు పోవడం మొదలుపెట్టండి. హనుమకొండ నుంచి దగ్గర, చెరువు ఒడ్డున గాలి బాగుంటుంది, ఇంకా ముందుకు దేవునూరు పోతే ఇనుపరాతి గుట్టలు కనిపిస్తాయి, అక్కడి దాకా పోయి వస్తే ఎత్తుపల్లాలు కాళ్లకు అలవాటవుతాయి. పనిరోజుల్లో తీరిక లేకపోతే తెల్లవారుజామున ఖిల్లా వరంగల్ లోపల రెండు మూడు చుట్లు తొక్కండి. మట్టికోట, రాతికోట దాటుకుంటూ తోరణాల పక్క నుంచి పోయే ఆ దారి ఆరున్నర లోపు దాదాపు ఖాళీగా ఉంటుంది.

ఎక్కేటప్పుడు చాలామంది చేసేది ఏంటంటే, కింద నుంచే గట్టిగా తొక్కి, సగంలో ఊపిరి ఎగపోసి, అప్పుడు గేరు మారుస్తారు. చైన్ మీద అంత బరువు ఉన్నప్పుడు గేరు మారిస్తే కరకరమని జారుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. ఎత్తు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి, సీటు మీద కూర్చునే తొక్కండి, నిమిషానికి డెబ్భై ఎనభై చుట్లు తిరిగేలా కాళ్లు ఆడించండి. పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడగలుగుతున్నారంటే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడండి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు. మూల మలుపులుంటే మలుపు రాకముందే వేగం తగ్గించుకోండి, మలుపులో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.

సైకిల్, సామాను

రోడ్ బైకే ఉండాలని లేదు. రోడ్ బైక్‌కూ గుట్టల సైకిల్‌కూ మధ్యరకం హైబ్రిడ్ అయినా చాలు, గేర్లున్న మామూలు ఎంటీబీ, అంటే గుట్టలెక్కే లావు టైర్ల సైకిల్ అయినా పోవచ్చు, కాకపోతే దానికి బొడిపెలు లేని నున్నటి టైర్లు వేసుకుంటే సగం కష్టం తప్పుతుంది. రోడ్ బైక్ అయితే 28 మిల్లీమీటర్ల టైర్లు మంచివి. డెబ్భై కిలోల మనిషికి 75 నుంచి 80 పీఎస్‌ఐ గాలి చాలు. రాయిలా బిగువుగా కొట్టించుకుంటే మన బీటీ రోడ్ల మీద నడుము పోతుంది.

పంక్చర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ దారిలో అందరికీ ఎదురయ్యేది ఇదే. రోడ్డు పక్కన తుమ్మ చెట్లుంటాయి, చేలకు కంచె వేయడానికి కొట్టిన తుమ్మ కంప ట్రాక్టర్ల నుంచి రాలుతుంది. తుమ్మ ముల్లు టైరు దాటి ట్యూబులో దిగి అక్కడే విరుగుతుంది, బయట నుంచి చూస్తే కనిపించదు. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టి పది నిమిషాలు పోతారు, మళ్లీ దిగిపోతుంది, ట్యూబు మంచిది కాదని తిట్టుకుంటారు. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు బొటనవేలితో మెల్లగా చుట్టూ తడమండి. ఎక్కడో ఒకచోట చిన్నగా గుచ్చుకుంటుంది. అక్కడ టైరును వెనక్కి వంచి, గోటితోనో చిన్న పట్టకారుతోనో ఆ ముక్క లాగేయండి. ఒక్క ముల్లు దొరికిందని ఆగకండి, చుట్టు పూర్తి చేయండి. రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, టైర్ లీవర్లు, చేతి పంపు, అలెన్ కీలు, ఒక చైన్ లింకు దగ్గర పెట్టుకోండి. ఊళ్లలో పంక్చర్ షాపులుంటాయి గానీ వాళ్ల దగ్గర పంపు నాజిల్ మామూలు వాల్వుకే సరిపోతుంది, రోడ్ బైక్ సన్న వాల్వుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వస్తుంది, అది కొని సీటు సంచిలో పడేయండి.

తిండికి ఎనర్జీ జెల్లులు అక్కర్లేదు. ఇంట్లో చేసిన సర్వపిండి ముక్కలు, మనవైపు గిన్నప్ప అంటాం కదా, అది ఆకులో చుట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఆగుతుంది, ఉప్పు కారం పల్లీలు అన్నీ అందులోనే ఉంటాయి. పల్లిపట్టీలు, నువ్వుల లడ్డూలు, అరటిపండ్లు. గంటకు అర లీటరు పైనే నీళ్లు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. రెండు బాటిళ్లలో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలుపుకోండి.

ఒక పంచె గానీ పల్చటి ట్రాక్ ప్యాంటు గానీ తప్పకుండా పెట్టుకోండి. రామప్ప ఇప్పటికీ పూజలు జరిగే గుడి, సైక్లింగ్ షార్ట్స్‌తో గర్భగుడి ముందు నిలబడితే పూజారికీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

ఏ నెలలో పోవాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. వానాకాలం పచ్చగా బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే, కానీ గట్టి వానలు పడ్డప్పుడు ములుగు దారిలోని కటాక్షపూర్ చెరువు నిండి మత్తడి (అలుగు) దూకి నీళ్లు హైవే మీదుగా పారుతాయి, రాకపోకలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. పారే నీళ్లలో సైకిల్ దించకండి, మోకాలి లోతు కూడా లేదు కదా అనుకోవద్దు, వెనక్కి తిరగండి. ఎండాకాలం అయితే పది గంటల లోపు తొక్కడం ఆపేసే చిన్న రైడ్లు తప్ప ఇంత దూరం వద్దు.

ఇంకో సంగతి, మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. ఆ జాతరకు ముందు రెండు మూడు వారాల నుంచే ములుగు రోడ్డంతా బస్సులు, కార్లు, ట్రాక్టర్లతో నిండిపోతుంది. ఆ రోజుల్లో జాతరకే పొండి, సైకిల్ రూటు మరో నెలకు పెట్టుకోండి.

మొదటి రోజు: హనుమకొండ నుంచి పాలంపేట

పొద్దున అయిదున్నరకు ములుగు రోడ్డు ఎక్కేయండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్రగా మిణికే లైటు రెండూ వేసుకోవాలి, చలికాలం ఆరెపల్లి దాటాక పొలాల మీద మంచు దట్టంగా పడుతుంది, వెనక వచ్చే బస్సువాడికి మీరు కనబడాలి. దారి ఈశాన్యంగా పోతుంది కాబట్టి సూర్యుడు లేచాక ఎండ కంట్లోకే కొడుతుంది, హెల్మెట్ కింద ముందంచు ఉన్న టోపీ పెట్టుకుంటే బాగుంటుంది.

గుడెప్పాడ్ క్రాస్ దగ్గర రోడ్డు చీలుతుంది. ఎడమకు పోయేది పరకాల, భూపాలపల్లి. రేపు మనం తిరిగొచ్చేది ఆ దారినే. ఇవాళ సీదాగా ఆత్మకూరు వైపు. తాపీగా తొక్కినా ఇక్కడికి గంటలో వస్తారు, చాయ్ తాగండి గానీ టిఫిన్ ఇప్పుడే వద్దు.

కటాక్షపూర్ చెరువు దగ్గర మాత్రం ఆగండి. నీళ్లు రోడ్డుకు ఆనుకొని ఉంటాయి, పొద్దున పూట వల తీసే జాలర్లు కనిపిస్తారు. అక్కడి నుంచి మల్లంపల్లి మీదుగా జాకారం వైపు పోతుంటే నేల మెల్లగా మారడం గమనించండి. చేల మధ్య గుట్టలు కనిపించడం మొదలవుతుంది, టేకు చెట్లు ఎక్కువవుతాయి, గాలి చల్లబడుతుంది. ఎక్కుళ్లు కూడా ఇక్కడి నుంచే కాస్త గట్టిగా తగులుతాయి. ములుగు రాకముందే గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయే జనం ముందు ఇక్కడ ఆగి మొక్కి గానీ ముందుకు పోరు. బండ్లన్నీ ఒక్కసారిగా పక్కకు తిప్పి ఆపుతుంటారు, కాబట్టి గుడి ముందు వేగం తగ్గించుకొని రోడ్డు అంచుకు కాకుండా కొంచెం లోపలికి తొక్కండి, కారు తలుపు తెరిచినా తగలకుండా ఉంటుంది.

టిఫిన్ ములుగులో. ఇక్కడికి దాదాపు యాభై కిలోమీటర్లు. కడుపునిండా తినండి, బాటిళ్లు నింపుకోండి, ముందున్న ఊళ్లు చిన్నవి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలి ఎడమకు, వెంకటాపూర్ రోడ్డు. ఈ మలుపు తిరిగిన క్షణం నుంచి రైడ్ మొత్తం మారిపోతుంది. లారీల మోత ఆగిపోతుంది, ఇరుకు రోడ్డు, రెండు పక్కలా పొలాలు, ఊళ్లలో సీసీ రోడ్డు. ఊరు మొదలయ్యే చోట, ఊరు అయిపోయే చోట స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, చాలావాటికి తెల్ల గీత ఉండదు.

దారి అడగాల్సి వస్తే సైకిల్ దిగి అడగండి. "పెద్దాయనా, రామప్పకు ఈ తొవ్వేనా?" అంటే చేతిలో పని ఆపి మరీ చెప్తారు. "గీ పక్కకే బిడ్డా" అన్నారంటే మాత్రం ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందని లెక్కేసుకోండి. ఎంత దూరం అని కాకుండా తర్వాత వచ్చే ఊరి పేరు అడిగితే సరైన జవాబు వస్తుంది.

రామప్ప దగ్గర ఎలా చూడాలి

పదకొండు లోపు పాలంపేట చేరతారు. ముందు గదిలో సామాను పడేయండి. టూరిజం వాళ్ల గదులున్నాయి, బయలుదేరే ముందే ఫోన్ చేసి ఖాళీ ఉందో లేదో, సైకిల్ లోపల పెట్టుకోనిస్తారో లేదో కనుక్కోండి. దొరక్కపోతే ములుగు లాడ్జీలే గతి, అప్పుడు సామాను పొద్దున టిఫిన్ సమయంలోనే అక్కడ దించి రావాలి, రెండో రోజు దూరం కూడా కాస్త పెరుగుతుంది.

మధ్యాహ్నం గుడికి పోవద్దు. రాతి అరుగు కాలిపోతుంటుంది, చెప్పులు లేకుండా నడవలేరు. అన్నం తిని పడుకొని మూడున్నరకు బయలుదేరండి.

ఈ గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఆ సంగతి చెప్పే శాసనం ఆవరణలోనే ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నక్షత్రం ఆకారంలో ఎత్తైన పీఠం, ఇసుక నింపిన పునాది, పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. కింద బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తక్కువ బరువు. ఇదంతా తెలుసుకొని పోతే ఒక రకంగా కనిపిస్తుంది.

నేను చెప్పేది ఒకటే, చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికల, అంటే ఆడవాళ్ల శిల్పాల దగ్గర ఎక్కువసేపు ఉండండి. గుడి మిగతా గోడలు ఎరుపు కలిసిన ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నున్నటి నల్లరాయి, సాయంత్రం ఎండ పక్క నుంచి పడినప్పుడు మెడలో హారాల మధ్య సందులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఒక మదనిక కాలికి ఎత్తు మడమల చెప్పుల్లాంటివి ఉంటాయి, వెతకండి. లోపల స్తంభాల మీదున్న నాట్య భంగిమలు చూసే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నందిని చూడకుండా మాత్రం రావద్దు.

తర్వాత చెరువు. గుడి నుంచి కొద్ది దూరమే, సైకిల్ మీద పోవచ్చు. కట్ట ఎక్కి నిలబడి చూస్తే మొదట చెప్పిన మాట కళ్లకు కడుతుంది. చుట్టూ ఉన్నవి సహజంగా ఉన్న గుట్టలే, మనిషి కట్టింది వాటి మధ్య సందు వరకే. నీళ్ల వైపు రాళ్లు పేర్చిన వాలు, ఇవతల వైపు తూము నుంచి పారే కాల్వ, దాని కింద కంటికి ఆనినంత దూరం వరి. ఎనిమిది వందల ఏళ్ల నాటి చెరువు కింద ఇవాళ్టికీ పంట పండుతోంది. చీకటి పడకముందే గదికి వచ్చేయండి, కట్ట మీద లైట్లుండవు, పాములు తిరుగుతాయి.

రెండో రోజు: కోటగుళ్లు, పాండవుల గుట్ట, పరకాల

ఆరు గంటలకు బయలుదేరితే గణపురం పది కిలోమీటర్ల లోపే. ఈ ముక్క రూటు మొత్తంలోనే అందమైంది, తొందరపడకండి. కోటగుళ్లు కూడా కాకతీయుల నాటివే, గణపేశ్వరాలయం చుట్టూ రెండు ప్రాకారాల లోపల ఇరవై రెండు గుళ్ల సముదాయం. రామప్ప అంత జనం ఉండరు. చాలా భాగం దెబ్బతింది, విడిపోయిన రాళ్లు ఆవరణలో ఉంటాయి, వాటి మీద కూర్చోవద్దు, సైకిల్ ఆనించొద్దు. ఏనుగు మీద సగం మనిషి, సగం సింహం రూపంలో ఉన్న గజకేసరి శిల్పాలు ఇక్కడ చూడాల్సినవి. ఈ ఊరికి కూడా చెరువుంది, గణపసముద్రం, చాయ్ తాగి కట్ట దాకా పోయి రండి.

గణపురం దాటి భూపాలపల్లి, పరకాల మధ్య నడిచే పెద్ద రోడ్డు ఎక్కి పరకాల వైపు తిరగండి. ఇక్కడ జాగ్రత్త. అటు భూపాలపల్లి బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ ప్లాంటు, గోదావరి ఇసుక, అన్ని లారీలూ ఈ రోడ్డునే. ఒకరి వెనక ఒకరు తొక్కండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, లారీ దాటుతున్నప్పుడు ముందు గాలి బయటికి నెడుతుంది, దాటిపోగానే లోపలికి గుంజుతుంది, హ్యాండిల్ గట్టిగా కాకుండా స్థిరంగా పట్టుకోండి.

రేగొండ మండలంలోకి వచ్చాక తిరుమలగిరి దారి అడిగి పక్కకు తిరిగితే పాండవుల గుట్ట. ఇసుకరాయి గుట్టలు, రాతి చరియల కింద ఆదిమానవులు రంగులతో వేసిన బొమ్మలు, జింకలు, పులి, అడవిదున్న. 1990లో ఇవి బయటి ప్రపంచానికి తెలిశాయి. బొమ్మల్ని ముట్టుకోవద్దు, నీళ్లు చల్లి ఫొటో తీయొద్దు, చల్లితే రంగు అప్పటికి మెరిసినట్టు కనిపించినా తర్వాత పోతుంది. గుట్ట కింద సైకిల్ ఎవరికైనా అప్పజెప్పి నడిచి ఎక్కండి, పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లతో రాతి మీద కాలు నిలవదు, మామూలు చెప్పులు వెంట ఉండాలి. ఒంటరిగా లోపలికి పోవద్దు, ఊళ్లో ఒకరిని తోడు తీసుకొని వాళ్ల కష్టానికి తగినంత ఇవ్వండి.

పరకాలలో భోజనం. అక్కడే అమరధామం ఉంది. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టింది అది. పది నిమిషాలు నిలబడి రండి. పరకాల నుంచి గుడెప్పాడ్ మీదుగా హనుమకొండకు ఇంకో రెండు గంటలు, ఎండ తగ్గాక మూడున్నరకు లేవండి.

రోడ్డు మీద వడ్లు

నవంబర్, డిసెంబర్‌లో, మళ్లీ ఏప్రిల్, మేలో పల్లె రోడ్ల మీద సగం వెడల్పు దాకా వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి పైన నల్ల పట్టా కప్పుతారు, చీకట్లో అది రోడ్డులాగే కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతోనే పల్లె రోడ్ల మీద చీకటి పడ్డాక తొక్కొద్దని చెప్తాను. పగలైతే వడ్ల మీద నుంచి ఎక్కించకండి, చక్రమూ జారుతుంది, అది ఒకరి ఆరు నెలల కష్టం కూడా. ఎదురుగా బండి వస్తే ఆగి, అది పోయాక పొండి. అక్కడ కాపలా ఉన్న అక్కకో అన్నకో ఒక మాట చెప్పి దాటితే నీళ్లు కూడా ఇస్తారు.

కుక్కలు వెంటపడితే పరుగు పెంచొద్దు. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకొని నడవండి, తన వాడ దాటగానే ఆగిపోతుంది. సైకిల్ బాగు కాకుండా ఎక్కడైనా ఆగిపోతే దగ్గరి ఊళ్లో ట్రాలీ ఆటో అడగండి, ములుగుకో పరకాలకో దించుతారు, రేటు ముందే మాట్లాడుకోండి.

ఇది పూర్తయ్యాక

ఇదే పద్ధతిలో ఇంకో రెండు రూట్లు వేసుకోవచ్చు. నర్సంపేట మీదుగా పాఖాల ఒకటి. అదీ గణపతిదేవుడి కాలపు చెరువే, చుట్టూ అడవి, అభయారణ్యం కాబట్టి చెప్పిన సమయానికి బయటికి వచ్చేయాలి. రెండోది పూర్తిగా వేరే రుచి, ఐనవోలు మల్లన్న గుడి చూసుకొని పాలకుర్తి, అక్కడి నుంచి బమ్మెర. పాల్కురికి సోమనాథుడి ఊరు, పోతన ఊరు ఒకే రోజు సైకిల్ మీద చూడొచ్చు. పాలకుర్తిలో గుడి గుట్ట మీద ఉంటుంది, ఆఖరి ఎక్కుడికి కాళ్లలో కొంచెం సత్తువ దాచుకోండి. సంక్రాంతి రోజుల్లో ఐనవోలులో జాతర జరుగుతుంది, ఆ వారం వదిలేసి జనవరి చివర పెట్టుకుంటే రోడ్డు మీకే దొరుకుతుంది.